ఎవరు ఏ గదిలో పడుకుంటారో తెలిసిన దళం

1995 జనవరి 17 తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు జపాన్‌లోని అవాజీ దీవి ఉత్తర కొసన నేల చీలింది. ఆ చీలిక దారిలోనే ఉంది హోకుదాన్ అనే చిన్న పట్నం. రేవు ఒడ్డున తోషిమా పేటలో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలిచిన పాత పెంకుటిళ్లు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలిపోయాయి. శిథిలాల కింద చిక్కుకున్న సుమారు 300 మందిని ఆ ఒక్కరోజులోనే బయటికి తీశారు. తీసినవాళ్లు ఉద్యోగరీత్యా అగ్నిమాపక సిబ్బంది కాదు. చేపలు పట్టేవాళ్లు, ఉల్లి పండించేవాళ్లు, దుకాణాలు నడుపుకునేవాళ్లు. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం వాళ్లు, వాళ్లతోపాటు ఇరుగుపొరుగు. ఏ అవ్వ ఏ మూల గదిలో పరుపు వేసుకుంటుందో, ఏ ఇంట్లో పిల్లలు మేడ మీద పడుకుంటారో వాళ్లకు తెలుసు. అందుకే ఇల్లంతా తవ్వకుండా సరిగ్గా ఆ గది మీది దూలాల్నే లేపారు. ఆ ఊళ్లో 39 మంది చనిపోయారు. అయినా చీకటి పడేలోపే, ఆచూకీ తెలియనివాళ్లు ఇంకెవరూ లేరని దళం లెక్క తేల్చగలిగింది.

ఇలాంటి దళాల్ని జపాన్‌లో షోబోదాన్ అంటారు. వీటి గురించి రాసేవాళ్లు సాధారణంగా ధైర్యాన్నీ త్యాగాన్నీ పొగుడుతారు. ఆ పొగడ్త తప్పు కాదు గానీ, అసలు సంగతి దాని వెనక మరుగున పడిపోతుంది. షోబోదాన్ బలం తెలిసి ఉండటంలో ఉంది. ఇళ్ల గురించి, మనుషుల గురించి, నీళ్లు ఎక్కడున్నాయన్న దాని గురించి తరతరాలుగా కూడబెట్టిన తెలివిడి అది. దాన్నొక పనితనంగా, ఒక విద్యగా చూడాలి.

ఆ విద్య ఎదో నగరంలో పుట్టింది. ఈనాటి టోక్యో అదే. 1657లో మెయిరెకీ అగ్నిప్రమాదం ఆ నగరంలో చాలా భాగాన్ని బూడిద చేసింది. కొన్ని దశాబ్దాల తర్వాత న్యాయాధికారి ఓఒకా తదసుకె పేటలవారీగా పౌరుల దళాల్ని ఏర్పాటు చేయించాడు. 1720లో వాటికి ఇరోహా అనే జపాన్ అక్షరమాలలోని అక్షరాల పేర్లు పెట్టి 47 జట్లుగా కూర్చారు. చేతిపంపులు చిమ్మే నీళ్లు అంత మంటకు ఏ మూలకూ చాలవు. అందుకని గాలివాటున మంట ఇంకా చేరని ఇళ్లను పొడవాటి కొక్కేల కర్రలతో ముందుగానే కూలదోసి, నిప్పుకు మేత లేకుండా చేసేవాళ్లు. ఆ పనికి ఎంచుకున్నది ఎక్కువగా తోబీ పనివాళ్లను, అంటే ఇళ్లు కట్టేటప్పుడు పరంజాలెక్కి దూలాలు నిలిపే కూలీలను. ఏ స్తంభం లాగితే కప్పు ఎటు ఒరుగుతుందో కట్టినవాడికే కదా తెలిసేది! ఎదోలో ఇంటి ఎముకలు తెలిసినవాళ్లు, హోకుదాన్‌లో ఇంటి మనుషులు తెలిసినవాళ్లు. మధ్యలో 275 ఏళ్లున్నా విద్య ఒక్కటే.

పల్లెల్లో దీని రూపం వేరు. ఎత్తైన మంచె మీద వేలాడే కంచుగంట ఊరికంతటికీ కబురు చెప్పేది: ఎడం ఎడంగా కొడితే నిప్పు దూరాన ఉన్నట్టు, ఎడతెగకుండా గబగబా మోగిస్తే పక్కనే ఉన్నట్టు. 1894లో ఈ జట్లను ప్రభుత్వ నిబంధనల కిందికి తెచ్చారు. యుద్ధకాలంలో అవి పౌర రక్షణ దళాల్లో కలిసిపోయాయి. 1947 నుంచి స్థానిక సంస్థల కింద షోబోదాన్‌లయ్యాయి. ఇప్పుడు వాళ్ల చేతిలో ఇద్దరు ముగ్గురు మోసుకెళ్లగల చిన్న మోటారు పంపు ఉంటుంది. ఒకరు గొట్టాన్ని నీళ్లలో దింపుతుంటే ఇంకొకరు గొట్టపు చుట్టల్ని ఒక్క విసురుతో దొర్లించి, మూడింటిని ఒకదానికొకటి తగిలించుకుంటూ పరుగు తీస్తారు. కాలువ దూరమైతే పంపు నుంచి పంపుకు నీళ్లు అందిస్తూ కొండ మీదికి కూడా ఎక్కిస్తారు. దీనికి బలం కన్నా, ఏ కాలువలో ఏ నెలలో నీళ్లుంటాయో తెలియడం ముఖ్యం.

ఇదంతా పాతకాలపు మాట, జీతమిచ్చి శిక్షణ ఇచ్చిన సిబ్బంది ఉండగా కూరగాయలమ్మేవాడి చేతికి గొట్టం ఎందుకని అడగవచ్చు. మంటతో ముఖాముఖి పోరులో వృత్తి సిబ్బందికి ఎవరూ సాటిరారు, అందులో వాదం లేదు. అయితే 1995లో అదే భూకంపానికి కోబె నగరంలో నీటి గొట్టాలు పగిలిపోయాయి, ఒకేసారి పదుల చోట్ల మంటలు లేచాయి. ఎంత నేర్పున్న సిబ్బందికైనా అన్ని చోట్ల చేతులుండవు. కూలిన ఇళ్లలోంచి బయటపడ్డవారిలో అత్యధికుల్ని తీసింది కుటుంబసభ్యులూ పొరుగువాళ్లే.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ మరొకటుంది. 2011 సునామీలో 250 మందికి పైగా షోబోదాన్ సభ్యులు చనిపోయారు లేదా గల్లంతయ్యారు. సముద్రపు గోడల తలుపులు మూయడానికి వెళ్లినవాళ్లు, కదలని ముసలివాళ్లను కదిలించడానికి ఆగినవాళ్లు వారిలో ఉన్నారు. ఊరిని ఎరిగి ఉండటమే వాళ్లను అక్కడ ఆపేసింది. ఫలానా ఇంట్లో ఇంకా ఒకరున్నారని తెలిసినవాడు ఎలా వెనుదిరుగుతాడు? ఈ ప్రశ్నకు సంప్రదాయం దగ్గర జవాబు లేదు. నీళ్లు రావడానికి ఇంత సమయం ముందే అందరూ వెనక్కి రావాలన్న నియమాల్ని ఆ తర్వాతే చాలా చోట్ల పెట్టుకున్నారు. త్యాగాన్ని కీర్తించడం కన్నా ఆ నియమమే చనిపోయినవారికి సరైన గౌరవమని నా నమ్మకం.

యువకులు ఫిర్యాదు చేసేది మరో సంగతి. పంపు పోటీల కోసం నెలల తరబడి తెల్లవారుజామున కసరత్తు, పెద్దల పెత్తనం, భత్యం మనిషికి అందకుండా దళం ఖాతాలో పడటం: ఇవన్నీ న్యాయమైన ఫిర్యాదులే. 2022 నుంచి సాధారణ సభ్యుడికి ఏటా 36,500 యెన్‌లు, విపత్తులో పనిచేసిన రోజుకు 8,000 యెన్‌లు నేరుగా సభ్యుడికే ఇవ్వాలని జాతీయ ప్రమాణం పెట్టారు. మంచిదే. 1950లలో ఇరవై లక్షలున్న సభ్యులు ఇప్పుడు ఎనిమిది లక్షల కన్నా తగ్గారు. పోటీల్ని కుదించినా నష్టం లేదు. ఇంటింటి పరిచయాన్ని కుదిస్తే మాత్రం ఆ దళంలో మిగిలేది గొట్టాలే.

ఈ విద్య మనకు పరాయిది కాదు. ఎండాకాలంలో తాటాకిల్లు అంటుకుంటే మండల కేంద్రం నుంచి ఫైరింజన్ వచ్చేలోపే పొరుగువాళ్లు బిందెలందుకుంటారు, పక్కింటి కప్పు పీకేస్తారు, దొడ్లో పశువుల పలుపులు కోసేస్తారు. ఎదో తోబీలు చేసింది అదే. తేడా అల్లా, మన ఊళ్లలో ఆ తెలివిడికి ఒక పేరు, ఒక పట్టీ, నెలకోసారి కూడే ఒక రోజు లేవు. మంట ఆరగానే జట్టు చెదిరిపోతుంది.

జపాన్ పల్లెల్లో డిసెంబరు చివరి రాత్రుల్లో షోబోదాన్ వాళ్లు రెండు చెక్కముక్కలు టకటక కొడుతూ, నిప్పు జాగ్రత్తంటూ వీధులు తిరుగుతారు. చూసేవాళ్లకది పండగ ముచ్చటలా ఉంటుంది. కానీ ఆ నడకలోనే వాళ్ల కళ్లకు పడుతుంది: ఈ ఏడు ఏ ఇంట్లో దీపం వెలగడం లేదు, ఏ అవ్వ మేడ దిగి కింది గదిలోకి మారింది, ఏ సందులో కొత్తగా బండి అడ్డం పెట్టారు.