రెన్వార్ చిత్రాలలో అల్జీరియా ముస్లింలు

ఫ్రెంచి చిత్రకారుడు ఆగస్ట్ రెన్వార్ (1841-1919) 1881లో ఒకసారి, 1882లో మరొకసారి అల్జీరియా వెళ్ళాడు. ఫ్రాన్స్ 1830లో దండెత్తి ఆక్రమించిన ముస్లిం దేశమది. వెలుగునీడల క్షణిక శోభను రంగులలో పట్టే ఇంప్రెషనిస్టు పద్ధతికి ఆయన ఆద్యులలో ఒకడు. జీవుల బొమ్మలు గీయడం గురించి ఉలమాల మధ్య ఉన్న చర్చ వేరు. ఆ బొమ్మలు ముస్లింల గురించి ఎంత నిజం చెప్పాయన్నది ఇక్కడి ప్రశ్న.

అల్జీరియా నేలపై అడుగు పెట్టకముందే రెన్వార్ అల్జీరియా స్త్రీలను చిత్రించాడు. 1870 నాటి ‘ఒదాలిస్క్’ చిత్రంలో పట్టుబట్టలు ధరించి దిండ్లకు ఆనుకొని ఉన్న స్త్రీ ఆయన ఫ్రెంచి నెచ్చెలి లీజ్ త్రేయో. 1872లో గీసిన మరో చిత్రం పేరే ‘అల్జీరియా దుస్తులలో పారిస్ స్త్రీలు’. ఈ ఊహలకు మూలం దెలాక్రువా 1834లో ప్రదర్శించిన అల్జీర్స్ స్త్రీల చిత్రం. అంటే రెన్వార్ చూసింది ముస్లిం స్త్రీని కాదు, మరొకరు గీసిన బొమ్మను.

వెళ్ళి చూశాక గీసిన వాటిలో తేడా లేకపోలేదు. 1881 నాటి అరటితోట చిత్రం ముందు నిలిస్తే తాటిపాక, రాజోలు ప్రాంతాల పాఠకునికి పరాయితనం తోచదు. గుబురుగా కమ్మిన ఆ ఆకులను చిత్రకారుడు కళ్ళారా చూశాడు. అదే ఏడు గీసిన ఉత్సవ చిత్రంలో వాయిద్యకారుల చుట్టూ మూగిన జనాన్నీ చూశాడు. అయితే అక్కడ మనుషులు రంగుల చుక్కలే, ముఖాలు లేవు.

దగ్గరగా ముఖం చూపవలసి వచ్చినప్పుడే చిక్కు వచ్చింది. అల్జీర్స్‌లో బొమ్మకు కూర్చునేవారు దొరకడం కష్టంగా ఉందని రెన్వార్ తన వ్యాపారి ద్యురాన్ రుయేల్‌కు రాశాడు. ముస్లిం స్త్రీలు పరాయి పురుషుని ఎదుట కూర్చోరు. అది వారి హయా, వారి హక్కు. 1882లో డేగను పట్టుకొన్న బాలికకు అల్జీరియా దుస్తులు తొడిగి చిత్రించినా, ఆమె ఫ్లరీ అనే ఇంటిపేరు గల ఫ్రెంచి పిల్ల. ‘వృద్ధ అరబ్బు స్త్రీ’ వంటి కొన్ని చిత్రాలు వేరని ఒప్పుకోవాలి. వాటిలో దుస్తుల వెనుక మనిషి కూడా ఉంది.

ఇస్లామీయ న్యాయశాస్త్రంలో సాక్షి తాను ఎరిగినదే చెప్పాలి. ఈ గీటురాయి పెట్టి చూస్తే రెన్వార్ అల్జీరియా వెలుగుకు నమ్మదగిన సాక్షి, అక్కడి స్త్రీలకు కాడు. ఆయన రంగుల నైపుణ్యాన్ని మెచ్చుకోవడానికి ఇది అడ్డు కాదు. ఆ నైపుణ్యం చూసి అబద్ధాన్ని నిజమనుకోవడమే ప్రమాదం.

కోనసీమ ప్రక్కనే ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండేది. దాన్ని చట్టరీత్యా భారతదేశానికి అప్పగించిన 1962లోనే అల్జీరియా కూడా స్వతంత్రమైంది. పాలకులు వెళ్ళినా బొమ్మలు మ్యూజియాలలో నిలిచాయి. ఆ బొమ్మలలోని అలవాటూ నిలిచింది. తెలుగు సినిమాలలో టోపీ, అత్తరు, రెండు ఉర్దూ ముక్కలు తగిలిస్తే చాలు, ముస్లిం పాత్ర సిద్ధమవుతుంది. కోనసీమ యాసలో కొబ్బరికాయలు బేరమాడే తాటిపాక ముస్లిం అందులో ఎక్కడా కనిపించడు. అతని గురించి ఎరిగినవారే రాయాలి. ఆ పని తెలుగు చదివే ముస్లింలు ఇతరులకు వదిలివేయరాదు.