కౌండిన్యుడి మజ్జిగ

‘అందరికీ మెసేజ్ పంపాలి. 60 దాటినవాళ్లకు ఫోన్ చెయ్యాలి.’ ఓ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు గుర్తుచేసే ప్రోగ్రామ్‌కు నేను రాసిచ్చిన రూల్స్ ఇవి. మర్నాడే ఒక పెద్దాయన రిసెప్షన్ దగ్గరికొచ్చి, "మెసేజ్ పెట్టి మళ్లీ ఫోన్ కూడానా? నాకేమన్నా మతిమరుపా?" అని కసిరారట. కంప్యూటర్‌ను తిట్టడానికి లేదు. చెప్పింది చెప్పినట్టే చేసింది.

మామూలు తర్కంలో ఒకసారి తేలిన మాట, ఎన్ని కొత్త సంగతులు తెలిసినా చెదరదు. మనం అలా బతకం. పక్షి అనగానే ఎగురుతుందనుకుంటాం, పెంగ్విన్ అని తెలిశాక నాలుక్కరుచుకుంటాం. ఈ నాలుక్కరుచుకోవడానికి 1980లో రేమండ్ రైటర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక పద్ధతి కట్టాడు. పేరు డిఫాల్ట్ లాజిక్. ఇది పక్షి, ఎగురుతుందనుకోవడానికి అడ్డేమీ లేదు, కాబట్టి ఎగురుతుంది. పెంగ్విన్ దగ్గర ఆ మధ్య మెట్టు మీదే ఆగిపోతాం.

మా పెద్దాయన దగ్గర మాత్రం ఆగం. మెసేజ్‌కూ ఫోన్‌కూ పేచీ ఏముంది? రెండూ చెయ్యొచ్చుగా!

ఈ చిక్కును పతంజలి రెండు వేల ఏళ్లకు ముందే తన వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో భోజనాల బంతిలో కూర్చోబెట్టాడు. బ్రాహ్మణులకు పెరుగు వెయ్యండి, కౌండిన్యుడికి మజ్జిగ పొయ్యండి అన్నారనుకోండి. కౌండిన్యుడూ బ్రాహ్మణుడే. ఒకే విస్తట్లో రెండూ వడ్డించినా వద్దనేవాళ్లు లేరు. అయినా బుద్ధున్న వడ్డనవాడెవడూ ఆయన ముందుకు పెరుగు గిన్నె తీసుకెళ్లడు. ఆయనకు మజ్జిగని విడిగా చెప్పడంలోనే పెరుగు వద్దన్న మాట ఉంది. వ్యాకరణం చదివినవాళ్లు దీన్ని తక్రకౌండిన్య న్యాయం అంటారు. అందరికీ చెప్పింది ఉత్సర్గం, విడిగా చెప్పింది అపవాదం. (మనం ‘అపవాదు’ను నిందకు వాడేసుకున్నాం గానీ అక్కడ దానర్థం మినహాయింపే.) రెంటికీ వైరం ఉన్నా లేకపోయినా, అపవాదం అడుగుపెట్టిన చోట ఉత్సర్గం తప్పుకుంటుంది. రైటర్ పద్ధతిలో ఇది దానంతటది రాదు, మధ్య మెట్టు మీద మనమే రాసిపెట్టాలి.

నేనూ అదే చేశాను. మొదటి రూల్‌కు ‘60 దాటితే తప్ప’ అని తగిలించాను. వారం తిరక్కుండానే రిసెప్షన్ నుంచి ఇంకో మాట: చెవులు సరిగా వినపడనివాళ్లకు ఫోన్ వద్దు. సరే, అదీ చేర్చాను.

72 ఏళ్ల పెద్దావిడ ఒకరున్నారు, వినపడదు. వయసు చూసి మొదటి రూల్ ఆవిణ్ణి వదిలేసింది, చెవులు చూసి రెండోది వదిలేసింది. ఆ వారం ఆవిడకు ఫోనూ లేదు, మెసేజూ లేదు.