ఆక్సిజన్ సెన్సర్లలో నానో లోహ ఆక్సైడ్లు: సూక్ష్మగ్రాహ్యత వాదనపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

మ్యాన్‌హోళ్లు, నిల్వ ట్యాంకుల్లోకి దిగే కార్మికుల భద్రత ఆక్సిజన్ కొలతపై ఆధారపడి ఉంటుంది. సాధారణ గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 19.5 శాతం కంటే తగ్గితే అమెరికా వృత్తి భద్రతా నిబంధనలు ఆక్సిజన్ కొరతగా పరిగణిస్తాయి. ఈ స్వల్ప వ్యత్యాసాన్ని గుర్తించడమే సెన్సర్‌కు అసలు పరీక్ష. శుద్ధ నైట్రోజన్, శుద్ధ ఆక్సిజన్‌లలో కొలిచిన నిరోధాల నిష్పత్తి ఎంత పెద్దదైనా ఈ పరీక్షకు సమాధానం కాదు.

కణ పరిమాణ వాదన

టిన్ ఆక్సైడ్ ఉపరితలంపై అధిశోషణమైన ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను బంధించి, సుమారు 3 నానోమీటర్ల మందం గల ఎలక్ట్రాన్ల లేమి పొరను ఏర్పరుస్తుంది. కణ వ్యాసం 6 నానోమీటర్లకు చేరువైతే కణమంతా ఈ పొరలోకి వస్తుంది. యమజోయె బృందం 1991లో చూపిన ఈ ఫలితం గాలిలోని హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌లకు సంబంధించినది. అక్కడ ఆక్సిజన్ నేపథ్యం మాత్రమే. దానినే కొలవవలసి వచ్చినప్పుడు ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించడం సమంజసం కాదు. పైగా ఉపరితల చర్యపై ఆధారపడిన సెన్సర్ నీటి ఆవిరికి, ఇతర వాయువులకు కూడా స్పందిస్తుంది.

ఉష్ణోగ్రత సమస్య

అధిక ఉష్ణోగ్రతల్లో టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థాల నిరోధం స్ఫటికంలోని ఆక్సిజన్ ఖాళీలను బట్టి మారుతుంది. నిరోధం ఆక్సిజన్ పాక్షిక పీడనపు 1/4 ఘాతానికి అనుపాతంలో ఉంటుందనుకుంటే, 20.9 నుంచి 19.5 శాతానికి తగ్గినప్పుడు అది సుమారు 1.7 శాతమే తగ్గుతుంది. ఉత్తేజన శక్తి 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అయితే, 700 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్క డిగ్రీ మార్పు నిరోధాన్ని 1.2 శాతం మారుస్తుంది. అంటే హీటర్ ఒకటిన్నర డిగ్రీలు చల్లబడితే ఆక్సిజన్ కొరత పూర్తిగా మరుగున పడుతుంది. ఆ ఉష్ణోగ్రతల్లో నానో కణాలు కలిసిపోయి పెద్దవి కావడం మరో చిక్కు. ఇనుము కలిపిన స్ట్రాన్షియం టైటనేట్‌లో ఇనుము వాటా సుమారు 35 శాతం ఉన్నప్పుడు ఉష్ణోగ్రత ప్రభావం దాదాపు తొలగిపోతుంది. ఈ పరిష్కారం కణ పరిమాణం నుంచి కాక, పదార్థ సంఘటనం నుంచి లభించింది.

ముగింపు

నానో నిర్మాణం నిరర్థకమని దీని అర్థం కాదు. 18–21 శాతం పరిధిలో, తేమ గల గాలిలో స్పందన, ఉష్ణోగ్రత గుణకం, దీర్ఘకాల వినియోగం తరువాత కణ పరిమాణం అనే మూడింటినీ నివేదించినప్పుడే సూక్ష్మగ్రాహ్యత వాదనకు ప్రామాణికత చేకూరుతుంది.