బ్లూస్ బాణీలో ఒక ప్రార్థన

1932 ఆగస్టులో నల్లజాతి అమెరికన్ సంగీతకారుడు థామస్ ఎ. డార్సీ షికాగో నుంచి సెయింట్ లూయిస్ వెళ్లాడు, ఉజ్జీవ కూటాల్లో పాడటానికి. నెలలు నిండిన భార్య నెట్టీని ఇంట్లో వదిలి వెళ్లాడు. కూటం జరుగుతుండగానే టెలిగ్రామ్ వచ్చింది: కాన్పులో ఆమె పోయింది. పుట్టిన మగబిడ్డా ఎంతోసేపు దక్కలేదు. తల్లినీ బిడ్డనూ ఒకే పెట్టెలో పెట్టి సమాధి చేశారు. దేవుడు తనకు అన్యాయం చేశాడనిపించిందనీ, ఇక ఆయన పాటలు మానేసి మళ్లీ బ్లూస్‌లోకే పోదామనుకున్నాననీ డార్సీ తర్వాత తనే చెప్పాడు.

నల్లజాతి వాళ్ల లౌకిక సంగీతమైన బ్లూస్ అతనికి పుట్టినిల్లు లాంటిది. 1899లో జార్జియాలో బాప్టిస్టు బోధకుడి కొడుకుగా పుట్టినా, 'జార్జియా టామ్' పేరుతో పియానో వాయించి పేరు తెచ్చుకున్నాడు. బ్లూస్ గాయని మా రైనీ వెనక బ్యాండు నడిపాడు. 1928లో గిటారిస్టు టాంపా రెడ్‌తో చేసిన ఒక కొంటె పాట రికార్డు విపరీతంగా అమ్ముడైంది. అదే చేత్తో భక్తి పాటలు కడితే షికాగోలోని పెద్ద నల్లజాతి సంఘాలు మొదట్లో మొహం చాటేశాయి. తాగుడు కొట్ల సంగీతం ఆరాధనలోకి రాకూడదని వాళ్ల పట్టుదల. కానీ ఏ నేల ఏడుపు ఆ నేల రాగంలోనే పలుకుతుందని, పురుషోత్తమ చౌదరి కర్ణాటక బాణీల్లో కట్టిన కీర్తనలు పాడుకునే తెలుగు సంఘాలకు వేరే చెప్పనక్కర్లేదు.

సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్లకు, స్నేహితుడు థియొడోర్ ఫ్రై పక్కన ఉండగా, డార్సీ పియానో ముందు కూర్చుని 19వ శతాబ్దపు పాత స్తుతి గీతం బాణీ ఒకటి పలికించడం మొదలుపెట్టాడు. దాన్నే కొద్దికొద్దిగా వంచుతూ పోతే 'టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్' పుట్టింది. అలసిపోయిన మనిషి చీకట్లో నిలబడి చెయ్యి పట్టుకొమ్మని దేవుణ్ని అడగడం తప్ప ఆ పాటలో కథ లేదు. ఎందుకిలా జరిగిందన్న ప్రశ్నకు జవాబు లేదు. పోయినవాళ్ల ప్రస్తావన కూడా లేదు. నా దృష్టిలో దాని బలం అక్కడే ఉంది.

ఈ పాటను పాడే పద్ధతికి మూలాలు డార్సీ కంటే చాలా పాతవి. బానిసలకు చదువు చెప్పడం దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో నేరం. పాటల పుస్తకం చేతిలో ఉన్నా అక్షరం రానివాళ్లే ఎక్కువ. అందుకని పెద్ద ఒకరు ఒక పాదం గబగబా చెప్పేవాడు, సంఘమంతా దాన్ని అందుకుని నెమ్మదిగా, సాగదీసి పాడేది. ఒక్క అక్షరం మీద ఐదారు స్వరాలు దొర్లుతాయి. గమకం విన్న చెవికి ఇది పరాయిగా అనిపించదు. దానికి డార్సీ కలిపింది బ్లూస్ స్వరం. మూడో స్వరాన్నీ ఏడో స్వరాన్నీ ఉన్నచోటు నుంచి కాస్త కిందికి దించుతారు. పియానోలో ఆ సందు స్వరానికి మెట్టు లేదు కాబట్టి పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి నొక్కి ఆ భ్రమ కల్పిస్తారు. గాయని తాళానికి కావాలనే వెనకబడి పాడుతుంది. మాటలు చాలనప్పుడు మూలుగు అందుకుంటుంది. వినేవాళ్లు ఆమెను ఒంటరిగా వదలరు, ప్రతి పాదానికీ బదులు పలుకుతారు. ఇంకొన్ని పాటల్లో చివరికి వచ్చేసరికి ఒక్క ముక్కనే తిప్పి తిప్పి పాడుతూ వేగం పెంచుతారు. నాలుగు మాత్రల్లో రెండో దాని మీద, నాలుగో దాని మీద చప్పట్లు పడతాయి. ఆనందం అక్కడ వస్తుంది, కానీ ఏడుపు స్వరాలను తీసేసి కాదు. అవే స్వరాలు, ఈసారి పదిమంది గొంతుల్లో.

డార్సీ జీవితం కూడా అలాగే తిరిగింది. షికాగోలోని పిల్‌గ్రిమ్ బాప్టిస్టు చర్చిలో దశాబ్దాల పాటు గాయకబృందాన్ని నడిపాడు. శాలీ మార్టిన్ అతని పాటల వ్యాపారం లెక్కలు చక్కబెట్టి, ఊరూరా తిరిగి బృందాలు కట్టింది. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మోటెల్ బాల్కనీలో నిలబడ్డ మార్టిన్ లూథర్ కింగ్, ఆ రాత్రి సభలో 'ప్రెషస్ లార్డ్' పాటే వాయించమని సాక్సఫోన్ కళాకారుడు బెన్ బ్రాంచ్‌ను అడిగాడు. కొద్ది క్షణాల్లో తుపాకీ పేలింది. ఆయన అంత్యక్రియల్లో మహాలియా జాక్సన్ దాన్ని పాడింది. 1972లో మహాలియా పోయినప్పుడు అరీతా ఫ్రాంక్లిన్ పాడింది.

మన తెలుగు సంఘాల ఆదరణ కూటాల్లో చాలాసార్లు ఓదార్పుకు తొందర ఎక్కువ. పరలోకంలో ఉన్నారు, ఏడవకండి అని మొదటి అరగంటలోనే చెప్పేస్తాం. నమ్మకంతోనే చెబుతాం, కాదనను. కానీ ఏడ్చేవాళ్ల నోరు నొక్కడం కూడా అందులో ఉంటుంది. నల్లజాతి సంఘాలు ముందు ఏడవనిస్తాయి, ఆ ఏడుపుకు గొంతు కలుపుతాయి, నిరీక్షణ మాట ఆ తర్వాతే ఎత్తుతాయి. విశ్వాసం తగ్గడం వల్ల కాదు ఇది. దుఃఖాన్ని దేవుడి ముందు పెట్టొచ్చన్న ధైర్యం వల్ల.

ఈ పాటకు 1956లో మహాలియా చేసిన రికార్డింగు ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతుంది. దాంతో పాటు 1982 నాటి 'సే ఏమెన్, సమ్‌బడీ' డాక్యుమెంటరీ కూడా చూడండి. ఎనభై దాటిన డార్సీ ఈ కథ అందులో తన నోటితోనే చెబుతాడు.