రోజులు లెక్కపెట్టడం కూడా లా చదువే

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి లా చదివే పిల్లలు కొందరు సాయంత్రాలు నా దగ్గర కూర్చుని రిమాండ్ ఖైదీల కేసు కాగితాలు చదువుతారు. వకాలత్ వేసేది, వాదించేది లాయరే. ఆ లాయరుకు పనికొచ్చే నోట్ రాసిపెట్టడం వీళ్లు ఇష్టపడి, పైసా తీసుకోకుండా చేస్తున్న పని.

కొత్తగా వచ్చినవాళ్లు ముందు పెద్ద తీర్పుల వెంట పడతారు. శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని సుప్రీంకోర్టు 1974లో భువన్ మోహన్ పట్నాయక్ కేసులో చెప్పిందని గడగడా అప్పజెబుతారు. అది మన విశాఖ సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన కేసు. చివరిదాకా చదవండమ్మా అంటాను. గోడ మీది కరెంటు తీగ తీయించమన్న వాళ్ల పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. సూత్రం నిలిచింది, ఖైదీలు ఓడిపోయారు. ఆ రెండో సంగతి తెలియకుండా తీర్పును ఎత్తితే అవతలి లాయరు మిగతా సగం చదివి వినిపిస్తాడు. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేసి ఖైదీని చంపిన కేసులో ప్రభుత్వమే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2000 సంవత్సరం వచ్చింది. అదీ చదివిస్తాను.

అయితే ఖైదీని బయటికి తెచ్చేది ఎక్కువసార్లు తేదీలే. ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని మనిషి అందులో మూడో వంతు, అంటే 2 సంవత్సరాల 4 నెలలు విచారణ ఖైదీగా గడిపితే బాండు మీద వదలాలి. ఈ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జులైకి ముందు నాటి కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో స్పష్టం చేసింది. గడువు నిండగానే కోర్టుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంట్‌దే. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ రిమాండ్ ఏ రోజు మొదలైంది, మధ్యలో బెయిలు మీద బయట ఉన్నాడా, నిందితుడి వల్లే విచారణ ఆగిన రోజులున్నాయా, అన్నీ కాగితం కాగితం తిప్పి చూడాల్సిందే.

పైగా మరో కేసు పెండింగ్‌లో ఉంటే ఈ వెసులుబాటు లేదు. మొన్న ఒక ఫైల్లో సరిగ్గా ఆ మాటే రాసి ఉంది. మూడో ఏడాది చదివే అమ్మాయి ఒకామె దాన్ని నమ్మి ఊరుకోలేదు. కోర్టు కేసుల వివరాలు చూపే ఈకోర్ట్స్ యాప్‌లో ఆ కేసుకున్న సీఎన్‌ఆర్ నంబరు కొట్టి చూసింది. ఆ రెండో కేసు ఎప్పుడో కొట్టేశారు. ఆమె నోట్‌లో తీర్పుల పేర్లు ఒక్కటీ లేవు. రెండు తేదీలు, ఒక నంబరు ఉన్నాయి. నేను చదివిన నోట్‌లలో అంత గట్టిది అరుదు.

1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఇస్తున్నారు కూడా. ఆ లాయరు చేతిలో ఫైళ్లు గుట్టలుగా ఉంటాయి, వాటిని నిదానంగా చదివిపెట్టే మనుషులే తక్కువ. లా చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఎల్బీనగర్ కోర్టుల ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. వెళ్లి వాలంటీరుగా మీ పేరు రాయించుకోండి.