మూలదేవీయము: తెలుగున దాని పరీక్ష

వాత్స్యాయనుని కామసూత్రములలో పేర్కొనబడిన అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పము ఒకటి. సాధుశబ్దములతో కూర్చినదయ్యు, అక్షరముల తారుమారుచే అర్థము గోచరింపని వాక్కును నిర్మించుట దీని స్వరూపము. జయమంగళా వ్యాఖ్యాకర్త యశోధరుడు ఇందు కౌటిలీయము, మూలదేవీయము అను భేదములను చూపినాడు. ఇది ప్రాచీనుల అభేద్యమైన రహస్యలిపి యని పొగడువారు కలరు. ఆ పొగడ్త ఎంతవరకు నిలుచునో పరిశీలించుట మా ఉద్దేశము.

మూలదేవీయమున అక్షరములు జంటలుగ నుండును: అ-క, ఖ-గ, ఘ-ఙ, చ-ట, త-ప, ఞ-ణ, న-మ, ర-ష, ల-స, య-శ. జంటలో ఒకదానికి బదులు రెండవది వ్రాయవలెను. తక్కినవి మారవు. ఆ మార్పునే మరల చేసినచో మూలము లభించును.

ఈ నియమమును తెలుగునకు అన్వయించి చూతము. ‘తెలుగు’ ‘పెసుఖు’ అగును. ‘నగరము’ ‘మఖషను’ అగును. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని జ, డ, ద, బ, వ, హ మున్నగు హల్లులకు జంటలు లేవు. కనుక ‘బావ’, ‘వద్దు’, ‘దేవుడు’ అను మాటలు యథాతథముగ నిలుచును. బావకు గూఢముగ లేఖ వ్రాయదలచిన మరదలు సంబోధనయందే పట్టుబడును!

రెండవ చిక్కు కకారమునకు సంబంధించినది. దానికి బదులు ‘అ’ వ్రాయవలెనన్నచో ‘కి’, ‘కు’ ఏ రూపమును పొందవలెను? అచ్చుపై గుడియు కొమ్మును నిలువవు గదా. ఈ ప్రత్యయములు లేక తెలుగు వాక్యము నాలుగడుగులు నడువదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. గుణింతపు గుర్తులు మారవు. బహువచనపు ‘లు’ ఎల్లెడల ‘సు’ అగును. పదాంతములందు మాటిమాటికి కనబడు ఈ ‘సు’వే చదువరికి తాళపుచెవి. అక్షరముల ఆవృత్తిని లెక్కించి సంకేతలిపిని విప్పు మార్గమును అరబ్బు పండితుడు అల్‌కిందీ 9వ శతాబ్దిలోనే వివరించినాడు.

అట్లయిన ఈ కళ నిష్ప్రయోజనమా? కాదందుము. 1980ల తొలి సంవత్సరములలో యూజ్‌నెట్ అను కంప్యూటరు సందేశవేదికపై రాట్13 అను పద్ధతి వాడుకకు వచ్చెను. ఆంగ్లాక్షరములు 26. ప్రతిదానికి బదులు దానినుండి 13వ అక్షరమును వ్రాయుదురు. మూలదేవీయమువలెనే రెండవమారు చేసినచో మూలమే వచ్చును. దీనిని విప్పు విధము అందరకు తెలిసినదే. రహస్యరక్షణ దీని లక్ష్యము కాదు. కథ ముగింపు గాని, పొడుపుకథ విడుపు గాని, కొందరికి రుచింపని హాస్యము గాని కోరనివాని కంటబడకుండుటయే ప్రయోజనము. చదువగోరినవాడు తెరను తానే తొలగించుకొనును.

వాత్స్యాయనుడు మ్లేచ్ఛితవికల్పమును ప్రహేళికాదులతోపాటు కళలలో చేర్చుటయందలి ఔచిత్యము ఇప్పుడు తెలియును. ఇది వ్రాయువానికిని చదువువానికిని నడుమ నొక ఒడంబడిక, కోటగోడ కాదు. బ్యాంకు సంకేతపదమును ఇట్టి మార్పుతో దాచి సందేశములలో పంపువాడు తెరను తలుపుగ భ్రమించినవాడే. ప్రాచీనుల ఘనతను చాటదలచిన పరిశోధకుడు మొదట నియమమును తన భాషయందు ప్రయోగించి చూడవలెను. పరీక్షకు నిలిచినంతమేరకే ప్రశంస శోభించును.