లేపే గడియారం, కొలిచే గడియారం

ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఆగని లూప్ రాస్తారు. రాసి, మెషీన్ బిగుసుకుపోతుందని బెంబేలెత్తుతారు. ఏమీ కాదు. ఫ్యాన్ కాస్త గట్టిగా తిరుగుతుంది, అంతే. నిజానికి ఇది ఆశ్చర్యపడాల్సిన సంగతి. ప్రాసెసర్‌ని అందరికీ పంచే కెర్నెల్ కూడా ప్రోగ్రామే. ప్రాసెసర్ దొరికితేనే దానికీ బతుకు. ప్రాసెసర్‌లోని ఒక కోర్ మీద లూప్ కూర్చున్నంతసేపు అక్కడ కెర్నెల్ లేనట్టే లెక్క. అయినా పగ్గాలు మళ్లీ దాని చేతికి వస్తాయి. పక్కకు తప్పుకునే ముందే టైమర్‌కి చెప్పి పెడుతుంది, ఇంతసేపటికి నన్ను లేపు అని. టైమర్ ఇంటరప్ట్ కొట్టగానే ప్రాసెసర్ చేస్తున్న పనిని ఉన్నపళంగా వదిలేసి కెర్నెల్ కోడ్‌లోకి దూకుతుంది. తర్వాత ఎవరి వంతో కెర్నెల్ అప్పుడు తేలుస్తుంది.

తొలినాళ్ల పీసీ లినక్స్‌లో టైమర్ ఇలా కొట్టే టిక్కులు సెకనుకు 100. 2.6 వెర్షన్ వచ్చాక 1000 చేశారు, 2005లో 250 దగ్గర రాజీపడ్డారు. ఆ రోజుల్లో లేపడానికీ కొలవడానికీ ఒకటే గడియారం. టిక్ పడినప్పుడు ఎవరు దొరికితే వాళ్ల ఖాతాలో మొత్తం టిక్ రాసేయడమే. రెండు టిక్కుల నడుమ లేచి, పని కానిచ్చుకుని పడుకునే తెలివైన ప్రాసెస్‌కి బిల్లే పడేది కాదు! నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే తోచేది.

2007లో రెండూ విడిపోయాయి. ఇంగో మోల్నార్ రాసిన సీఎఫ్ఎస్ షెడ్యూలర్ ఒక్కో ప్రాసెస్ ఎంత వాడుకుందో నానోసెకన్లలో రాసుకుని, అందరికంటే తక్కువ వాడుకున్నదాన్ని ముందు పిలిచేది. 2023లో 6.6తో దాని స్థానంలోకి ఈఈవీడీఎఫ్ వచ్చినా, వాడకాన్ని కొలిచి పంచడమనే పద్ధతి మారలేదు. అదే 2007లో, 2.6.21 నుంచి, ఖాళీగా ఉన్న కోర్‌ని ఊరికే లేపడం మానేశారు.

మా బూర్గంపాడులో గోదావరి కొలత కూడా ఇంతే, అవసరం పడ్డప్పుడే. ఎండాకాలంలో నీటిమట్టం ఎంతని అడిగే నాథుడుండడు. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక పడిందా, గంటగంటకూ అంకె కావాలి. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు గంట కూడా దూరమే అనిపించింది.

ఇక లినక్స్‌లో ప్రాక్ ఫోల్డర్ కింద ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే ‘ఎల్ఓసీ’ అన్న వరుసలో టైమర్ ఎన్నిసార్లు కొట్టిందో చెబుతూ ఒక్కో కోర్‌కి ఒక్కో అంకె ఉంటుంది. కాసేపాగి మళ్లీ తెరవండి. పని పడిన కోర్ అంకె పరుగు తీసి ఉంటుంది. ఖాళీ కోర్‌ది కదిలీ కదలనట్టు ఉంటుంది. కరెంటు పోయిన పూట నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇంకాస్త నిలబడటంలో దీని చలవా ఉంది. మరి నిద్ర లేచిన కోర్‌కి ఎంతసేపు పడుకుందో ఎలా తెలుస్తుంది? ఇప్పటి ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో అయితే టీఎస్‌సీ అనే కౌంటర్ ఉంది. ఎవరు పడుకున్నా అది పెరుగుతూనే ఉంటుంది. దాన్ని చదివితే చాలు.

టిక్కుల పద్దు మాత్రం పూర్తిగా పోలేదు. జిఫీస్ పేరుతో ఇంకా నడుస్తోంది. సెకనుకు 1000 చొప్పున 32 బిట్ల అంకె 49.7 రోజుల్లో నిండి మళ్లీ సున్నాకొస్తుంది. పద్దు సున్నా దగ్గర మొదలైతే, ఇప్పటి జిఫీస్‌నీ గడువునీ నేరుగా పోల్చేసిన డ్రైవర్ 49 రోజులు బుద్ధిగా పనిచేసి, 50వ రోజున తిక్క వేషాలు వేస్తుంది. అందుకే కెర్నెల్ ఈ పద్దును సున్నా దగ్గర మొదలుపెట్టదు, 5 నిమిషాల వెనక నుంచి మొదలుపెడుతుంది. కోడ్‌లో ఆ లోపం ఉంటే బూట్ అయిన 5 నిమిషాలకే, రాసినవాడు కుర్చీలోంచి లేవకముందే, బయటపడుతుంది.